రెండు సీట్ల పొయ్యి

మా మామ కారు కొన్న వార్త లాల్‌దర్వాజాలో మా గల్లీకి కారు కంటే ముందే చేరింది. ఇందులో వింతేమీ లేదు. కారు దబీర్‌పురా దగ్గర ఆగిపోయింది, వార్త ఆగలేదు. సాయంత్రానికి ఇద్దరు హమాలీలు వెనక నుంచి తోస్తుండగా, కారును తానే నడుపుతున్నట్టు ముఖం పెట్టి, స్టీరింగు పట్టుకుని మామ గల్లీలోకి వచ్చాడు. మలుపు దగ్గర హారన్ కూడా కొట్టాడు. అది మోగింది. ఆ రోజు ఆ కారులో పనిచేసిన భాగం అదొక్కటే.

మామ అంటే మా అమ్మకు చిన్న తమ్ముడు. వాళ్ళది పత్తర్‌గట్టిలో తాతల నాటి బట్టల దుకాణం. గద్దె మీద పెద్దమామ కూర్చునేవాడు. మామ చీరల మూటలు కట్టించుకుని నవాబుల పాత బంగళాలైన దేవిడీలకు వెళ్ళి, పరదాల అవతల ఉన్న బేగం సాహెబాలకు చూపించి వచ్చేవాడు. డెబ్బయ్యో దశకం మధ్యకు వచ్చేసరికి ఆ దేవిడీల్లో చీరలు కొనేవాళ్ళు తగ్గి, సామాన్లు అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. అలాంటి ఒక దేవిడీ వెనక షెడ్డులో మామకు ఈ కారు కనిపించింది. ఇంగ్లండులో తయారైన బండి. పొట్టిగా, పొడుగు ముక్కుతో, పైన గుడ్డ టాపుతో ఉండేది. ఒకప్పుడు ఆకుపచ్చ రంగు. నవాబుగారి వాళ్ళు దాన్ని వాడటం ఎప్పుడు మానేశారో తెలియదు గానీ, కోళ్ళు మాత్రం మానలేదు.

పెద్దమామ కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగి చూసి, "దీంట్ల ఎందరు గూసుంటరు?" అని అడిగాడు.

"ఇద్దరు," అన్నాడు మామ.

"మన ఇంట్ల ఎందరున్నం?"

మామ కారు ముక్కు మీది దుమ్ము తుడవసాగాడు. పెద్దమామ తమ్ముడికి లెక్కలు రావన్న నిర్ణయానికి వచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

నిజానికి మామ లెక్క కట్టే కొన్నాడు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నేను అప్పుడే బీఎస్సీ పాసై, ఒక సర్కారీ కార్ఖానా నుంచి ఉద్యోగం కబురు వస్తుందని ఎదురుచూస్తూ, అమ్మమ్మ ఇంట్లోనే ఉంటూ, దుకాణంలో గజం బద్ద పట్టుకుని కాలక్షేపం చేస్తున్నాను. అందుకని మామ మనసులో మాటలు వినడానికి తీరిక ఉన్న మనిషిని నేనే.

మామకు పెళ్ళయి రెండేళ్ళు. అత్త మలక్‌పేట పిల్ల. నలుగురే ఉన్న, గడియారం టిక్కుటిక్కులు వినిపించే ఇంట్లో పెరిగి, మా అమ్మమ్మ ఇంటికి వచ్చింది. ఆ ఇంట్లో గడియారం గంటలు కొట్టినా వినిపించేది కాదు. అన్నదమ్ముల సంసారాలు, మేనత్తలు, వచ్చి పోని చుట్టాలు. అక్కడ మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవాలంటే మాట కనీసం ఒక మూడో మనిషి మీదుగా ప్రయాణం చేయాల్సిందే. డాబా మీదికి వెళ్తే వడియాలకు కాపలా ఎవరో ఒకరు ఉండేవారు. సినిమాకు వెళ్తే వరస మొత్తం మా వాళ్ళే. ఆ వరసలో మామ ఈ చివరా, అత్త ఆ చివరా. రిక్షా ఎక్కితే, ఎలాగూ పోతున్నారు కదా అని ఒడిలో ఇద్దరు పిల్లల్ని పెట్టి, కాళ్ళ దగ్గర ఒకణ్ణి కూర్చోబెట్టి పంపేవారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఇద్దరు మనుషులు ఒంటరిగా ఉండటం మా ఇంట్లో జాలిపడాల్సిన విషయం.

కారు కొన్న రాత్రి భోజనాలయ్యాక మామ నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళాడు. సీట్ల వెనక చెయ్యి పెట్టి చూపించాడు. అరచేయి పట్టేంత సందు మాత్రమే ఉంది.

"జాగనే లేదు అల్లుడా," అన్నాడు. మిగతా మగవాళ్ళు ఇంజను బలం గురించి చెప్పే గొంతుతో. "పిల్లగాన్ని గూడ ఇరికియ్యలేరు. మూడో మనిషి గూసోనే గూసోలేడు."

ఇంజనును బాగు చేసినవాడు మా మలుపు దగ్గర షెడ్డున్న ఉస్తాద్. లారీలు, టాక్సీలు బాగు చేసిన చెయ్యి. ఈ బండిని మొదట అనుమానంగా చూసి, తర్వాత ముచ్చటపడి, ఎండాకాలం మొదలయ్యే వేళకు నడిచేటట్టు చేశాడు. అమ్మమ్మ పూజ చేయించింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది. దిష్టి తగలకుండా లోపల నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టాలంది. వెనక దారి చూసుకునే అద్దానికి కడదామంటే ఆ అద్దం లేదు, అది కోళ్ళ కాలంలోనే పోయింది. వెతగ్గా వెతగ్గా పక్క సీటు ముందు, డాష్‌బోర్డు కింద, చిన్న నల్ల గుండీ ఒకటి కనిపించింది. కొంచెం బయటికి లాగితే దారం చుట్టడానికి మెడ దొరికింది.

కట్టబోయే ముందు, ఆ గుండీ ఏమిటో తెలుసుకోవాలి కదా అని ఉస్తాద్‌ను పిలిచాం. ఉస్తాద్ వెల్లకిలా పడుకుని తల లోపల పెట్టి చాలాసేపు చూశాడు. గుండీ నుంచి ఒక తీగ ఇంజను వైపు పోయింది. ఇంజను నుంచి రెండు రబ్బరు గొట్టాలు వచ్చి, పక్క సీటు కాళ్ళ దగ్గరున్న ఇనప పెట్టెలో దూరాయి. గొట్టాల్లో నీళ్ళు. పెట్టె వెనక చిన్న పంకా. గుండీ లాగితే నీళ్ళు వస్తాయి, తోస్తే ఆగుతాయి. ఉస్తాద్ బయటికి వచ్చి చొక్కా దులుపుకున్నాడు.

"కూలర్ హై సేఠ్. పానీ భీ ఉన్నది, పంఖా భీ ఉన్నది. ఇంకేం గావాలె? గుండీ గుంజే పెట్టున్రి."

ఫిజిక్సు చదివినవాణ్ణి కాబట్టి నేను కూడా పడుకుని చూసి, ఉస్తాద్ చెప్పింది నిజమేనని ధ్రువపరిచాను. మా ఊళ్ళో నీళ్ళూ పంకా ఉన్న పెట్టెకు ఇంకో అర్థం లేదు. ప్రతి వేసవిలో కిటికీలకు బిగించేది అదే. అంత చిన్న కారులో కూలర్ పెట్టినందుకు ఇంగ్లీషువాళ్ళ మీద అందరికీ గౌరవం కలిగింది. ఈ నిర్ణయంలో లోపం ఎక్కడుందో ఇప్పటికే పట్టేసిన పాఠకులు చలి దేశాలు చూసినవాళ్ళయి ఉంటారు. మేం చూడలేదు.

అమ్మమ్మ గుండీ మెడకు దారం చుట్టి నిమ్మకాయ వేలాడదీసింది. ప్రతి శనివారం కొత్తది కట్టేది. ఎండిన కాయ తీసేసేది గానీ, రక్షగా కట్టిన దారం తెంపకూడదని పాత చుట్ల మీదే కొత్త చుట్లు చుట్టేది. కొన్నాళ్ళకు ఆ గుండీ వెనక దారం ఉండలా పేరుకుపోయి, ఎవరైనా లోపలికి తోయాలనుకున్నా తోయలేనంత గట్టిపడింది. తోయాలని ఎవరూ అనుకోలేదు. కూలర్ ఆపుకునేంత చల్లటి రోజు మాకు రాలేదు.

మొదటి సవారీ మలక్‌పేటకు, అత్త పుట్టింటికి. అత్త పట్టుచీర కట్టుకుంది. గల్లీ అంతా అరుగుల మీదికి వచ్చి నిలబడింది. కారు కదిలింది. నేను సైకిల్ మీద వెనక బయల్దేరాను. ఆగితే తోయడానికి ఒకరుండాలని మామ ముందుచూపు.

కారు ఆగలేదు. చంచల్‌గూడ జైలు గోడ దాకా బాగానే పోయింది. అక్కడ ఆపించింది అత్త. నేను చేరేసరికి కారు దిగి, చెప్పులు విడిచి, అరికాళ్ళు మార్చి మార్చి నేల మీద పెడుతోంది. ఎండకు కాగిన రోడ్డు ఆమెకు చల్లగా ఉందంటే లోపలి సంగతి ఊహించుకోవచ్చు. మామ చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. ముఖం మాత్రం ఏమీ జరగనట్టే పెట్టుకున్నాడు.

"జెర ఓర్సుకుంటే మలక్‌పేట వస్తది," అన్నాడు.

"మీతోని రాను అంటలేను. ఈ పొయ్యిల గూసోను అంటున్న."

ఆ మాట అని, రిక్షాను పిలిచి ఎక్కింది. జైలు ముందున్న జవాను మామ వంక సానుభూతిగా చూశాడు. అతను చాలామందిని ఆ గేటు దగ్గర అలాంటి ముఖంతో చూసి ఉంటాడు. రిక్షా ముందూ, కారు వెనకా, నేను ఆ వెనకా మలక్‌పేట చేరాం.

సంగతి ఇంట్లో తెలిశాక పెద్దమామ పంచాయతీ పెట్టకుండానే తీర్పు చెప్పాడు. పెళ్ళామే ఎక్కని బండి మొగుడికెందుకు? దుకాణానికి సామాను వేసుకునే టెంపో ఒకటి కావాలి, దీన్ని అమ్మేస్తే సరిపోతుంది. మామ బతిమాలి వైశాఖం దాకా గడువు తీసుకున్నాడు. వైశాఖంలో అత్త తమ్ముడి పెళ్ళి. ఆ పెళ్ళికి అత్త ఆ కారులో మలక్‌పేట దాకా దిగకుండా వస్తే కారు ఉంటుంది. మధ్యలో దిగితే పోతుంది. అత్త కూడా ఒప్పుకుంది.

"ఒక్కపారి గూసుంట. అరికాళ్ళు గాలితే దిగి రిక్షా ఎక్కుత. మల్ల అడగొద్దు."

మామ ఆ రాత్రి నా పక్కన వచ్చి కూర్చుని, "అల్లుడా, సదువుకున్నోనివి. దీని ఉడుకు నువ్వే తియ్యాలె," అన్నాడు. అంతకు ముందు ఎవరూ నా బీఎస్సీని అంత నమ్మలేదు. విశ్వవిద్యాలయం కూడా థర్డ్ క్లాసులోనే నమ్మింది.

నేను పని మొదలుపెట్టే లోపలే అమ్మమ్మ మొదలుపెట్టింది. ఆవిడ దృష్టిలో ఇది యంత్రం సమస్య కాదు. బండికి వేడి చేసింది, అంతే. ఏళ్ళ తరబడి మూలన పడి ఉండి ఒక్కసారి పరిగెత్తితే ఎవరికైనా చేస్తుంది. నడినెత్తిన ఆముదం పెడితే దిగుతుందని, కారు ముక్కు మధ్యలో దోసెడు ఆముదం పోసి, పసిపిల్లలకు మర్దనా చేసినట్టు అరచేత్తో ఇంకేదాకా రుద్దింది. ఇనుములో ఆముదం ఇంకదు. మరుసటి రోజు మామ బండి తీసుకుని దుకాణానికి బయల్దేరితే, పత్తర్‌గట్టి చేరేసరికి ఆముదం కాగి, దారి పొడుగునా ఎవరో వంట మొదలుపెట్టిన వాసన వచ్చిందట. పైగా రోడ్డు మీది దుమ్మంతా ఆ జిడ్డుకు అంటుకుని, కారు ముక్కు మీద మంచి సారవంతమైన నేల తయారైంది.

ఆ తర్వాత ధారాపాత్ర. వేసవిలో గుళ్ళో శివలింగం మీద నీటిబొట్లు పడేట్టు చిల్లుపాత్ర కడతారు కదా, అంత వేడి దేవుడే చల్లబడితే ఇదెందుకు చల్లబడదని అమ్మమ్మ వాదన. మూడు వెదుళ్ళు నిలబెట్టి, కారు ముక్కు మీదుగా రాగిపాత్ర వేలాడదీశాం. నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. మధ్యాహ్నానికి ఎవరో ఒక మారేడు దళం పెట్టారు. సాయంత్రం నేను వచ్చేసరికి పక్క గల్లీ ముసలావిడ చెప్పులు విడిచి, కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. ఆపుదామనుకున్నాను. అప్పటికే ఆవిడ రెండో చుట్టులో ఉంది. మొక్కు మధ్యలో ఆపడం మర్యాద కాదని ఊరుకున్నాను. మామ దుకాణం నుంచి వచ్చి, ముక్కు మీది పూలు తీసి కళ్ళకద్దుకుని, కారు లోపల పెట్టాడు. అప్పటికి ఆయన దేన్నీ కాదనే స్థితిలో లేడు.

ఇక సైన్సు వంతు వచ్చింది. వేడి మూడు దారుల్లో ప్రయాణిస్తుందని నేను చదువుకున్నాను. మూడు దారులూ మూసేద్దామని మామకు చెప్పాను. పై నుంచి వచ్చే ఎండకు, మేం డాబాకు వేసినట్టే, గుడ్డ టాపు మీద నీలిమందు కలిపిన సున్నం రెండు పూతలు వేశాను. డాబా కదలదు, కారు కదులుతుంది అన్న తేడాను పాఠ్యపుస్తకం ప్రస్తావించలేదు. కారు గుంతలో పడినప్పుడల్లా సున్నం పొట్టు రాలి మామ తల మీద పడేది. దుకాణంలో దిగేసరికి ఆయన పదేళ్ళు పెద్దవాడిలా, పెద్దమామకు అన్నలా కనిపించేవాడు. కొత్తగా వచ్చిన కొనుగోలుదార్లు ఆయనకే ముందు నమస్కారం పెట్టేవారు. పెద్దమామకు ఇది నచ్చలేదు.

కింద నుంచి వచ్చే వేడికి నమ్దా తెచ్చాను. గుర్రం జీను కింద వేసే ఉన్నిపట్ట అది. మలక్‌పేట రేసు గుర్రాలకు జీన్లు కుట్టే ఒకాయన ఇచ్చాడు, వాడినవే. కారు నేలంతా పరిచి అంచులు మేకులతో కొట్టాను. వేడి తగ్గలేదు. వేడితో పాటు గుర్రం వాసన కూడా వచ్చింది. కారు టాంగా స్టాండు పక్కగా పోయినప్పుడు గుర్రాలు తలలెత్తి చూసేవని మామ చెప్పాడు. ఫిర్యాదులా చెప్పలేదు, సమాచారంలా చెప్పాడు.

వట్టివేళ్ళ తడక ముక్కు ముందు కట్టి, తడిపి, బండి నడిపించాం. చల్లటి గాలి రావాలి. ఆవిరి వచ్చింది, సువాసనతో. మామ దిగినప్పుడు అత్తరు జల్లి ఉడికించినట్టున్నాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది కూలర్. అన్ని నీళ్ళూ ఆ పెట్టెలోంచి పోతున్నా చల్లదనం ఎందుకు రాదు? బహుశా మా వేసవి దాని శక్తికి మించినదేమో అనుకున్నాను. ఇంగ్లండు ఎండలకు చేసిన కూలర్ హైదరాబాదు ఎండలకు ఎలా సరిపోతుంది? అందుకని దానికి సాయంగా బరఫ్ పెట్టాలని తేల్చాను. పక్క సీటు మీద గోనెసంచి, దాంట్లో ఊక, ఊకలో పెద్ద మంచు దిమ్మ. అది జారకుండా తాడుతో సీటుకు కట్టి, ఎండ తగలకుండా పైన పాత చీర కప్పాను. మామ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష కోసం పత్తర్‌గట్టి మీదుగా బయల్దేరాడు. మా దుకాణం ఎదుటి అత్తరు దుకాణం భాయ్ చీర కొంగు కింది నుంచి నీళ్ళు కారడం చూసి, బండి పక్కన నడుస్తూ పలకరించాడు.

"క్యా సేఠ్, ఘర్‌వాలీని ఇంట్ల ఇడిసి బరఫ్‌ను షికారుకు తీస్కవోతున్నవ్?"

మామ తల వంచుకుని పోనిచ్చాడు. మలక్‌పేట చేరేసరికి దిమ్మ కొబ్బరికాయంత మిగిలింది. అత్త నాన్నగారు వాకిట్లో ఉన్నారట. అల్లుడు ఎండలో తన కోసం బరఫ్ తెచ్చాడని మురిసిపోయి, పగలగొట్టించి షర్బత్ చేయించి, ఒక గ్లాసు మామకూ ఇచ్చారు. ఆ వేసవి మొత్తంలో నా ప్రయోగాల వల్ల ఎవరైనా చల్లబడ్డారంటే అది ఆ ఒక్కసారే.

వైశాఖం వచ్చింది. పెళ్ళి రోజు పొద్దున్న అందరూ ముందే రిక్షాల్లో వెళ్ళిపోయారు. మామ తెల్ల లాల్చీ వేసుకుని కారు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. అత్త తాంబూలం సంచీ పట్టుకుని వచ్చి ఎక్కింది. ఎక్కేముందు ఒకసారి నమ్దా వైపు చూసి ముక్కు మీద కొంగు పెట్టుకుంది. నేను సైకిల్ మీద ముందుగా పోయి చంచల్‌గూడ జైలు దగ్గర నిలబడ్డాను. తీర్పు వచ్చేది అక్కడేనని నాకు తెలుసు. జవాను నన్ను గుర్తుపట్టి తల ఊపాడు. పక్కన ఒక రిక్షా ఖాళీగా ఉంది. దాన్ని చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

కారు వచ్చింది. దగ్గరపడింది. ఆగుతుందని చూస్తున్నాను. ఆగలేదు. నన్ను దాటిపోయింది. మామ నా వైపు కూడా చూడలేదు. అత్త ఏదో చెబుతోంది, చెయ్యి కూడా ఊపుతూ, ఒక పెద్ద కథ మధ్యలో ఉన్నట్టు. మామ నవ్వుతున్నాడు.

నమ్దా పనిచేసిందని నాకు అర్థమైంది. సైన్సు కొంచెం ఆలస్యంగా పనిచేస్తుంది కాబోలు. చాలా గర్వపడుతూ పెళ్ళివారింటికి చేరాను. నేను చేరిన చాలాసేపటికి కారు వచ్చింది. దారిలో నన్ను దాటిపోయిన కారు నా తర్వాత ఎలా వచ్చిందన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఎందుకంటే వాళ్ళిద్దరి అవతారం చూసి నా గర్వం అక్కడికక్కడే చచ్చిపోయింది. మామ లాల్చీ తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అత్త ముఖం మీది నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో విసురుకుంటూ మెట్లెక్కింది.

"ఎట్లుండె బిడ్డా?" అంది అమ్మమ్మ.

"ఎట్లుంటది అత్తమ్మా, గట్లనే ఉంది పొయ్యి. మాటిచ్చిన గదా అని దిగలే."

మండపం అంతా ఆమె ఓర్పును మెచ్చుకుంది. మాట కోసం ఉడికిపోయిన మనిషి అని చుట్టాల్లో పేరు వచ్చింది. పెద్దమామ షరతు తీరింది. పెళ్ళాం ఎక్కింది, దిగలేదు. కారు దక్కింది.

అక్కడితో ఆగితే ఇందులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ ఆ తర్వాత దుకాణం సెలవు రోజు వచ్చిందంటే చాలు, మామా అత్తా కారెక్కి మలక్‌పేట వెళ్ళేవారు. దీపాలు పెట్టే వేళకు, బావిలోంచి తీసినట్టు తడిసి, ఉస్సురంటూ దిగేవారు. ప్రతిసారీ అత్త ఇక జన్మలో ఎక్కనంటుంది. వచ్చే వారం మళ్ళీ ఎక్కుతుంది. ఇంట్లో ఆడవాళ్ళకు ఆమె మీద జాలి పెరిగి, రాగానే సబ్జా నీళ్ళు ఇచ్చేవారు. పిల్లలు ఎవరూ మమ్మల్నీ తీసుకెళ్ళమని అడగలేదు. కారు ఒకరోజు ఇవ్వమని ఏ చుట్టమూ అడగలేదు. ఒక్క పెద్దమామ మాత్రం, ఇల్లాలు భరిస్తున్నది తాను భరించలేనా అని, ఒక శుభకార్యానికి మామ పక్కన కూర్చుని బయల్దేరాడు. యాకుత్‌పురా దాకా వెళ్ళి, నడిచి తిరిగి వచ్చాడు. చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. ఆ తర్వాత టెంపో మాట కూడా మరిచిపోయాడు, మరదలి ముందు మాత్రం కొంచెం తగ్గి మాట్లాడేవాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. పరీక్ష ఓడిపోయిన విద్యార్థిలా కొత్త కొత్త ఉపాయాలతో వెంటపడ్డాను. సున్నం మళ్ళీ వేశాను. వర్షాలు వెనకబడిన ఒక సెలవు రోజు సాయంత్రం, మలక్‌పేట జీన్ల ఆయన దగ్గర ఇంకొంచెం మందం నమ్దా తీసుకుని సైకిల్ మీద వస్తున్నాను. చంచల్‌గూడ జైలు గోడ పక్కన వేపచెట్టు నీడలో మా కారు ఆగి ఉంది.

చెడిపోయిందేమోనని దగ్గరికి వెళ్ళాను. అత్త కారు పక్కన నిలబడి, చేతిలో నీళ్ళ కూజా పట్టుకుని మామ నెత్తిన పోస్తోంది. మామ బుద్ధిగా తల వంచి నిలబడ్డాడు. తర్వాత మామ కూజా తీసుకుని అత్త ముఖం మీద దోసిట్లోంచి చల్లాడు. అత్త, మెడ దగ్గర తక్కువైంది, ఇంకొంచెం చల్లమంది. జైలు జవాను దూరం నుంచి చూస్తున్నాడు. అలవాటైన మనిషి చూసే చూపు.

నన్ను చూసి ముగ్గురిలో కంగారుపడింది మామ ఒక్కడే. అత్త పడలేదు. కారు తలుపు తీసి, "గూసో అల్లుడా, ఇంజన్ నడుస్తున్నది," అంది. కూర్చున్నాను. కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వేడి లేదు. మామూలు సాయంత్రం ఎంత వెచ్చగా ఉంటుందో అంతే ఉంది.

అత్త చెప్పింది. పెళ్ళి రోజు, గల్లీ దాటగానే ఆ నిమ్మకాయ దారం జిడ్డు కొత్త చీరకు అంటుతోందని, తాంబూలం సంచీలో అడకత్తెర ఉంటే తీసి దారమంతా కత్తిరించి పారేసింది. దారం పోయాక గుండీ మోకాలికి పొడుచుకుంటోంది. చిరాకు పుట్టి అరచేత్తో లోపలికి నూకింది. దబీర్‌పురా వచ్చేసరికి కాళ్ళకు హాయిగా ఉంది. అనుమానం వచ్చి మళ్ళీ లాగి చూసింది. కాలింది. నూకింది. చల్లబడింది.

"ఇంజన్‌ల మరిగిన నీళ్ళు తెచ్చి కాళ్ళ కాడ పోస్తున్నది, అది కూలరా అల్లుడా?" అని నింపాదిగా అడిగింది. "కుంపటి. చలికి పెట్టుకున్నరు పాపం వాళ్ళు."

నా బీఎస్సీలో వేడినీళ్ళ గురించి ఒక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయం నాకు గుర్తొచ్చింది. మాట మార్చడానికి, మరి ఇంట్లో చెప్పలేదేం, ఈ నీళ్ళు పోసుకోవడమేంటి అన్నాను.

మామ కారు వైపు చూశాడు. అత్త మామ వైపు చూసింది.

"సల్లగుందని తెలిస్తే ఇది మాకు మిగుల్తదా?" అంది. "పొద్దున మీ పెద్దమామ, పగటీలి చుట్టాలు, మాపటీలి పిల్లగాండ్లు. రెండు సీట్లున్నయి. ఉడుకే గదా అల్లుడా మాకు తలుపు లెక్క."

పెళ్ళి రోజు నన్ను దాటిపోయిన వాళ్ళు నా తర్వాత ఎందుకు వచ్చారో, ఎలా తడిశారో అప్పుడు అర్థమైంది. మామ సున్నంతో అట్టకట్టిన జుట్టులోంచి నీళ్ళు పిండుకుంటూ, ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. చెప్పనన్నాను. అత్తకు అది చాలలేదు. నేను ఒక్కసారిగా ప్రయోగాలు ఆపేస్తే ఇంట్లో అనుమానం వస్తుంది కాబట్టి, వైద్యం నడుస్తూనే ఉండాలంది. నా చేతిలో నమ్దా చూసి, అది మాత్రం ఇంట్లో పరుచుకోమంది. మిగతాది ఏదైనా సరే, పనిచేయనిది అయితే చాలు. ఆ విషయంలో నా మీద ఆమెకు పూర్తి నమ్మకం ఉంది.

ఆ విధంగా నేను ఉద్యోగం వచ్చేదాకా చల్లగా ఉన్న కారును చల్లబరుస్తూ గడిపాను. టాపుకు సున్నం వేశాను. కిటికీలకు తడి గోనెలు కట్టాను. గల్లీలో వాళ్ళు వచ్చి సలహాలు చెబితే శ్రద్ధగా విని అమలు చేశాను. శనివారం అమ్మమ్మ నిమ్మకాయ కట్టేది. సెలవు రోజు గల్లీ దాటగానే అత్త దారం విప్పి గుండీ నూకేది. తిరిగి వచ్చేటప్పుడు వేపచెట్టు కింద స్నానమయ్యాక, గుండీ లాగి, దారం మళ్ళీ ఎప్పటిలాగే చుట్టేది. అమ్మమ్మ కళ్ళు సరిగ్గా ఆనవు కాబట్టి భయం లేదనుకున్నాం.

కార్ఖానా నుంచి కబురు వచ్చింది. చేరడానికి ముందు శనివారం, అమ్మమ్మకు నిమ్మకాయ అందించడానికి కారు దగ్గర నిలబడ్డాను. ఆవిడ కొత్త దారం తీసుకుని గుండీ మెడకు ఒకే ఒక్క చుట్టు చుట్టింది. ముడి కూడా వేయలేదు, జారుముడితో వదిలేసింది.

"ఇదేంది అమ్మమ్మా, ఒక్క సుట్టేనా? ఊడిపోతది," అన్నాను.

"ఊడనీ," అంది. "వారం వారం ఇప్పి కట్టుకునేటోళ్ళకు అల్కగ ఉండాలె గద."

ఆవిడ నిమ్మకాయ అటూ ఇటూ తిప్పి, మిరపకాయలు సర్ది, సీటు పట్టుకుని మెల్లగా లేచింది. నా భుజం మీద చెయ్యి వేసి, గడప వైపు నడుస్తూ గొంతు తగ్గించింది.

"వాండ్లకు చెప్పకు, నాకు ఎరికైందని. కని ఆ సున్నం ఒక్కటి బంజెయ్ బిడ్డా. మీ మామకు నిజంగనే ఎంటికెలు తెల్లవడుతున్నయి."